ఇరవయ్యారు

కొరుక్కుపేటలో గూడ్సుబండికి గేటు పడితే
సగం స్కూలు ఇరవై నిమిషాలు ఆలస్యం.
ఆ ఇరవై నిమిషాలకి టాబ్లెట్‌లో గడి లేదు.

మిగతా అన్నిటికీ ఉంది.
నాలుగో తరగతి, తెలుగు మీడియం, ముప్పయ్యొక్కమంది,
లెక్కలు, పదకొండో ప్రశ్న:
యాభైరెండులోంచి ముప్పయ్యెనిమిది తీసెయ్యి.
తప్పా ఒప్పా, అదొక్కటే అడుగుతుంది.
వేలితో కిందికి తోసుకుంటూ పోయాను.
ఎరుపు, ఎరుపు, పచ్చ, ఎరుపు,
చాప మీద ఎండబోసిన మిరపకాయల్లో
అక్కడక్కడ తొడిమలు.

మధ్యాహ్నం గ్రూపులో పైనుంచి మెసేజి:
శుక్రవారానికల్లా ఎరుపు తగ్గాలి.
పక్క క్లాసు సెల్వరాణి టీచరు క్యారియరు మూత తీస్తూ
"గడి మీద రెండుసార్లు నొక్కక్కా, పచ్చబడిపోద్ది" అంది.
నిజమే. నొక్కి చూశాను.
పెంచలయ్య పచ్చబడ్డాడు.
భయమేసి
మళ్ళీ నొక్కి వాణ్ణి వెనక్కి తెచ్చుకున్నాను.

సాయంత్రం చిత్తుకాగితాలు ఇంటికి మోసుకొచ్చి
పప్పు ఉడికేలోపు నేల మీద పరిచాను.
ఒప్పు రాసినవాళ్ళు ఒక దొంతి.
ఏమీ రాయనివాళ్ళు, బొమ్మలేసినవాళ్ళు ఒక దొంతి.
తప్పు రాసినవాళ్ళ దగ్గర చెయ్యి ఆగింది.
పన్నెండు కాగితాల్లో ఒకటే తప్పు.
రూతు ఇరవయ్యారు. చెంగమ్మ ఇరవయ్యారు.
కిటికీ పక్కన ఒక్కడే కూర్చుని
ఎవరి కాగితమూ చూడని దావీదు
వాడూ ఇరవయ్యారే.

చూసిరాతైతే ఒక బెంచీతో ఆగుతుంది.
ఇది గదంతా తిరిగింది.
ఎనిమిదిలోంచి రెండు పోతే ఆరు,
అయిదులోంచి మూడు పోతే రెండు.
పైదేదో కిందిదేదో పట్టించుకోలేదు,
పెద్దదేదో చూశారు, అంతే.

ఎవరు నేర్పారీ దరిద్రపు సూత్రం వీళ్ళకి?
కోపంగానే లేచి, పొంగుతున్న పప్పు దించి,
మళ్ళీ వచ్చి కూర్చున్నాక వినపడింది గొంతు.
రెండో తరగతి. అప్పుడూ వీళ్ళు నా దగ్గరే.
బయట తుపాను వాన, గదిలో కరెంటు లేదు,
లెక్క తొందరగా ముగించెయ్యాలని:
"ఎప్పుడైనా సరే, పెద్దదాన్లోంచే చిన్నది తీసెయ్యాలిరా."
నాదే.

పన్నెండుమంది నా మాట విన్నారు.
రెండేళ్ళు మర్చిపోలేదు.
అంత వినయానికి ఎరుపు రంగేసి
పై ఆఫీసుకి పంపాను నేను.

మంగళవారం పాత చీపురు విప్పి
ఈనెలు విరిచి, పదేసి కట్టలు కట్టి తీసుకెళ్ళాను.
అయిదు కట్టలు, విడిగా రెండు పుల్లలు.
ఇందులోంచి ఎనిమిది పుల్లలు నాకియ్యి, అన్నాను.
చెంగమ్మ ఆ రెండు పుల్లలూ గుప్పిట్లో పట్టుకుని
నా మొహంలోకి చూసింది చాలాసేపు.
"కట్ట విప్పొచ్చా టీచర్?"
విప్పమ్మా.
విప్పొచ్చని నీకెప్పుడూ చెప్పలేదు నేను.

రబ్బరుబ్యాండు ఎగిరి దావీదు చెవికి తగిలింది.
ఆ పీరియడు ఇంక లెక్కలు సాగలేదు.

శుక్రవారం మళ్ళీ పరీక్ష.
పన్నెండుమందిలో ఏడుగురు పచ్చబడ్డారు,
ఎవరి వేలూ తగలకుండా.
పెంచలయ్య రాలేదు, వాళ్ళ వీధికి నీళ్ళ లారీ వచ్చిందట.
చెంగమ్మది ఎరుపే.
కాగితం వెతికి తీశాను. ఇరవైనాలుగు.
కట్ట విప్పింది, పుల్లలు పన్నెండు చేసింది,
ఎనిమిది తీసి నాలుగు మిగుల్చుకుంది.
విప్పేసిన కట్టని మాత్రం
ఇంకా కట్టగానే లెక్కేసుకుంది, పిచ్చిపిల్ల.

తెర మీద మొన్నటి ఎరుపూ ఇవాళ్టి ఎరుపూ ఒకటే.
ఇరవయ్యారు నుంచి ఇరవైనాలుగు దాకా
ఆ పిల్ల నడిచిన దూరం
కాగితం మీద పెన్సిలు చెరిపిన మసిలో ఉంది.
రిమార్కుల గడిలో ఇరవై అక్షరాలే పడతాయి.
"కట్ట విప్పింది" అని రాశాను.
పైవాళ్ళకేం అర్థమవుతుందో నాకు తెలీదు.

సోమవారం గేటు పడకముందే దాటాలి.
ఈనెలు సరిపోలేదు.
కొత్త చీపురు కొనాలి.